వర్షం 0 మి.మీ. అంటే పడలేదనా, తెలియదనా? మన యాప్‌లలో 'ఖాళీ' చరిత్ర

ఈరోజు ఎపిసోడ్‌ని ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. మీరు ఫోన్‌లో ఒక వాతావరణం యాప్ తెరిచారు. మీ మండలం పేరు పక్కన 'వర్షం 0 మి.మీ.' అని ఉంది. దాని అర్థం ఏంటి?

వాన పడలేదు అనా? రెయిన్‌గేజ్ పాడైంది అనా? ఇవాళ్టి రీడింగ్ ఇంకా రాలేదు అనా? లేక ఆ మండలంలో అసలు రెయిన్‌గేజే లేదు అనా?

ఇదే ప్రశ్న మనిషిని అడిగి చూడండి. నారాయణపేట దగ్గర ఊళ్లో ఉన్న మామకు ఫోన్ చేసి "వాన పడ్డదా మామా?" అన్నారనుకోండి. "పడలే" అనొచ్చు. "ఇంకా పడలే, మబ్బు పట్టింది" అనొచ్చు. "ఏమో అల్లుడా, నేను ఊళ్లె లేను" అనొచ్చు. అసలు ఫోనే ఎత్తకపోవచ్చు. ఇవి నాలుగు వేర్వేరు సంగతులు. మన భాషలో వీటికి వేర్వేరు మాటలు ఎప్పటి నుంచో ఉన్నాయి: పడలేదు, ఇంకా పడలేదు, తెలియదు, అందలేదు. వీటిని ఎవరూ కలిపేసుకోరు. కానీ ఒక యాప్ ఈ నాలుగింటినీ కలిపి ఒకే 0 చేసి మీ చేతిలో పెట్టగలదు.

పాలమూరులో ఇది చిన్న విషయం కాదు. మెట్ట నేలలు. వానకాలం తేడా కొడితే మూటాముల్లె సర్దుకుని వలస పోయిన చరిత్ర ఉన్న జిల్లా. ఒక మండలాన్ని కరువు మండలంగా ప్రకటించాలంటే ప్రభుత్వం చూసే లెక్కల్లో వర్షపాతం లోటు ముఖ్యమైనది. ఆ లెక్కలో ఖాళీని 0 అని రాసినా, 0ని ఖాళీ అని వదిలేసినా సగటు మారిపోతుంది. ఒక ఉదాహరణ అనుకుందాం. ఐదు రెయిన్‌గేజ్‌లు. రీడింగులు 20, 0, 12, 8, ఇంకోటి ఖాళీ. ఖాళీని 0 అనుకుంటే సగటు 8 మి.మీ. దాన్ని లెక్కలోంచి తీసేస్తే సగటు 10 మి.మీ. వాన ఒక్కటే, సగటులు రెండు. తేడా అంతా ఆ ఒక్క గడిని మనం ఎలా చదివామన్న దాంట్లోనే ఉంది.

సో, కంప్యూటర్లు 'లేదు' అనే మాటను ఎలా నేర్చుకున్నాయి, ఆ పాఠం మన ఫోన్ యాప్‌ల దాకా ఎలా వచ్చింది అన్నదే ఈరోజు కథ. ప్రోగ్రామింగ్ తెలియకపోయినా ఫర్వాలేదు, చెరువు తెలిస్తే చాలు. ఎందుకో ముందుకెళ్తే తెలుస్తుంది.

మైనస్ 999 కాలం

మొదట్లో కంప్యూటర్‌కి సంఖ్య తప్ప ఇంకేం తెలియదు. గడి ఉందంటే అందులో ఏదో ఒక సంఖ్య ఉండాల్సిందే. మరి రీడింగ్ లేని రోజు ఏం రాయాలి? జనం ఒక ఉపాయం పట్టారు: ఎప్పటికీ నిజం కాలేని సంఖ్య ఒకటి రాసేయడం. వర్షం ఎప్పుడూ మైనస్ ఉండదు కదా, అందుకని మైనస్ 999. మన భారత వాతావరణ శాఖ గ్రిడ్ వర్షపాతం ఫైళ్లలో ఇప్పటికీ డేటా లేని చోట మైనస్ 999 కనిపిస్తుంది.

ఈ పద్ధతిలో ప్రమాదం తెలిసిందే. ఆ సంగతి తెలియని కుర్రాడు ఫైల్ తీసుకుని నేరుగా సగటు కడితే 'ఈ నెల వర్షం మైనస్ 40 మి.మీ.' అని వస్తుంది. నవ్వొస్తుంది. కానీ ఇక్కడ ఒక మంచి కూడా ఉంది. జవాబు అంత పిచ్చిగా ఉంటే తప్పు ఎవరికైనా దొరికిపోతుంది. నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు. ఏ యాప్‌లోనైనా సాగర్ మట్టం 0 అడుగులు అని కనిపిస్తే నల్గొండ పిల్లోడెవడూ నమ్మడు. అసలు భయపడాల్సింది నమ్మేలా ఉండే తప్పు గురించి. వర్షం 0 మి.మీ. అన్నది నమ్మేలా ఉంటుంది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ పనికొస్తుంది.

1965: ఒక తేలికైన దారి

ఇప్పుడు ఇంగ్లండ్ వెళ్దాం. టోనీ హోర్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త. క్విక్‌సార్ట్ కనిపెట్టింది ఈయనే, బీటెక్‌లో అందరం చదివాం. 1965లో ఆయన ఆల్గాల్ డబ్ల్యూ అనే భాష కోసం పనిచేస్తున్నారు. ఆ భాషలో ఒక వస్తువు నుంచి ఇంకో వస్తువుని చూపించే రిఫరెన్స్‌లు ఉంటాయి. ఏ వస్తువునీ చూపించని రిఫరెన్స్‌కి ఏం పెట్టాలి? ఆయన 'నల్' అని పెట్టారు. కారణం సింపుల్: అమలు చేయడం చాలా తేలిక.

నల్లా అనుకునేరు, నల్. కానీ పోలిక మాత్రం బాగానే కుదురుతుంది. నల్లా ఉంది కదా అని బిందె పెట్టి తిప్పితే వెనక పైపే లేదు. ప్రోగ్రామ్ కూడా అంతే. వస్తువు ఉందనుకుని వాడబోతుంది, అక్కడ ఏమీ ఉండదు, యాప్ క్రాష్.

నలభై నాలుగేళ్ల తర్వాత, 2009లో లండన్‌లో క్యూకాన్ అనే సదస్సులో హోర్ స్వయంగా దీన్ని తన వంద కోట్ల డాలర్ల తప్పు అన్నారు. అప్పటిదాకా జరిగిన క్రాష్‌లు, నష్టాలు అన్నీ కలిపితే అంత ఉంటుందని ఆయన అంచనా. కానీ ఒకటి గమనించండి. 'ఏమీ లేదు' అని చెప్పే వీలు భాషలో ఉండడం తప్పు కాదు. అది అవసరం కూడా. తప్పు ఎక్కడుందంటే, ఏ రిఫరెన్స్‌లో నల్ ఉండొచ్చో, దేంట్లో ఉండకూడదో పైకి కనిపించదు. అన్నీ ఒకేలా ఉంటాయి. అంటే సమస్య దాక్కున్న ఖాళీ.

నారాయణపేటలో 2010 వర్షం ఎంత?

డేటాబేస్‌ల వైపు ఇదే సమస్య ఇంకోలా వచ్చింది. ఐబీఎమ్‌లో పనిచేసిన ఎడ్గార్ కాడ్ 1970లో రిలేషనల్ మోడల్ ప్రతిపాదించారు. మనం వాడే ఎస్‌క్యూఎల్‌కి మూలం అదే. ఖాళీ గడి గురించి ఆయన 1979లో వివరంగా రాశారు. నల్ అంటే సంఖ్య కాదు, 'విలువ తెలియదు' అనే గుర్తు. దాంతో అవును, కాదు అనే రెండు జవాబులకు తోడు మూడోది వచ్చింది: తెలియదు.

దీని ప్రభావం విచిత్రంగా ఉంటుంది. వర్షం 0 ఉన్న ఊళ్ల లిస్టు ఇవ్వమని ఎస్‌క్యూఎల్‌ని అడగండి. తర్వాత వర్షం 0 కాని ఊళ్ల లిస్టు అడగండి. రెండూ కలిపితే అన్ని ఊళ్లూ రావాలి కదా? రావు. రీడింగ్ ఖాళీగా ఉన్న ఊరు రెండు లిస్టుల్లోనూ ఉండదు. వాన పడని ఊళ్లలోనూ లేదు, పడ్డ ఊళ్లలోనూ లేదు. లెక్కలోంచే మాయం. ఆ లిస్టు మీద ఏదైనా సాయం ఆధారపడి ఉంటే ఆ ఊరి సంగతేంటో ఆలోచించండి.

ఇక్కడ కాడ్ ఇంకో మెట్టు ఎక్కారు. ఆయన తర్వాతి రచనల్లో, 1990 నాటి పుస్తకంలో కూడా, ఒక్క నల్ సరిపోదు, రెండు రకాల గుర్తులు కావాలి అన్నారు. ఒకటి: విలువ ఉండాలి, కానీ మన దగ్గర లేదు. రెండు: ఆ ప్రశ్నే ఇక్కడ వర్తించదు.

దీనికి మన దగ్గరే మంచి ఉదాహరణ ఉంది. 2016 అక్టోబర్ 11న తెలంగాణలో జిల్లాలు విడిపోయాయి. ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల వచ్చాయి. ఉమ్మడి నల్గొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వచ్చాయి. 2019 ఫిబ్రవరి 17న నారాయణపేట కూడా జిల్లా అయింది. ఇప్పుడు ఒక యాప్‌లో జిల్లాల వారీగా 2010 నుంచి వర్షం గ్రాఫ్ గీయాలి. నారాయణపేట జిల్లా, 2010 అనే గడిలో ఏం రాయాలి? 0 రాస్తే ఆ ఏడాది చుక్క వాన పడలేదని అబద్ధం చెప్పినట్టు. 'తెలియదు' అన్నా సరిగ్గా అతకదు, ఎందుకంటే అప్పటికి ఆ జిల్లానే లేదు. అక్కడ రాయాల్సింది 'వర్తించదు'. లేదా పాత మండలాల రీడింగులు తెచ్చి మళ్లీ లెక్క కట్టాలి. కాడ్ అడిగిన రెండో గుర్తు ఎస్‌క్యూఎల్‌లోకి రాలేదు. అందుకే ఈ పని ఇప్పటికీ యాప్ రాసేవాళ్ల నెత్తి మీదే ఉంది.

గొలుసుకట్టు చెరువులు, రియాక్టివ్ ప్రోగ్రామింగ్

ఇప్పుడు చెరువు దగ్గరికి వద్దాం. మన వైపు గొలుసుకట్టు చెరువులు మీకు తెలుసు. పై చెరువు నిండితే మత్తడి దుంకుతుంది. ఆ నీళ్లు కింది చెరువులోకి పోతాయి. అది నిండితే దాని కింది చెరువుకి. కింది చెరువు పొద్దున్నే లేచి పై చెరువుని "నీళ్లున్నాయా?" అని అడగదు. నీళ్లు వస్తే దానంతట అదే స్పందిస్తుంది.

రియాక్టివ్ ప్రోగ్రామింగ్ అంటే ఇదే. డేటా ప్రవాహంలా వస్తుంది, దాని మీద ఆధారపడ్డవన్నీ వాటంతట అవే మారతాయి. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ తెచ్చిన విజికాల్క్ స్ప్రెడ్‌షీట్‌లో సామాన్యులు ఈ మ్యాజిక్ చూశారు: ఒక గడి మారిస్తే మొత్తం షీట్ మారుతుంది. 1997లో కోనల్ ఎలియట్, పాల్ హుడాక్ దీన్ని యానిమేషన్ కోసం ఒక సిద్ధాంతంగా రాశారు. 2009లో మైక్రోసాఫ్ట్‌లో ఎరిక్ మైయర్ టీమ్ రియాక్టివ్ ఎక్స్‌టెన్షన్స్, అంటే ఆర్ఎక్స్, విడుదల చేసింది. 2013 ఫిబ్రవరిలో నెట్‌ఫ్లిక్స్ దాన్ని జావాకి తెచ్చి ఆర్ఎక్స్‌జావా అని అందరికీ ఇచ్చింది. అక్కడి నుంచి అది ఆండ్రాయిడ్ ఫోన్లలోకి దూకింది.

ఆర్ఎక్స్‌లో ఒక ప్రవాహం మూడు సంకేతాలే ఇవ్వగలదు. ఆన్‌నెక్స్ట్ అంటే నీళ్లొచ్చాయి. ఆన్‌ఎర్రర్ అంటే కట్ట తెగింది. ఆన్‌కంప్లీట్ అంటే అయిపోయింది, ఇక రావు. చాలా శుభ్రమైన డిజైన్. 'ఇక రావు' అనే మాటకీ, 'తెగింది' అనే మాటకీ విడివిడిగా సంకేతాలు దొరికాయి.

కానీ 'ఇంకా రాలేదు' అన్నదానికి సంకేతం లేదు. అది ఉత్త మౌనం. ఎండిన వాగులా.

2016: నల్‌కి గేటు మూసిన రోజు

ఆర్ఎక్స్‌జావా మొదటి వెర్షన్‌లో ప్రవాహంలోకి నల్ కూడా వదలొచ్చు. ఏమయ్యేదంటే, సర్వర్ నుంచి ఒక నల్ వచ్చి మొదటి చెరువులో పడుతుంది. రెండు, మూడు, నాలుగు చెరువులు దాటి ఐదో చెరువు దగ్గర యాప్ క్రాష్ అవుతుంది. క్రాష్ రిపోర్ట్‌లో ఐదో చెరువు పేరే ఉంటుంది. పై నుంచి ఎవరు వదిలారో తెలియదు. రాత్రంతా ఎదురీదుతూ వెతకాలి.

2015లో రియాక్టివ్ స్ట్రీమ్స్ అనే ఉమ్మడి ప్రమాణం వచ్చింది. అందులో ఆన్‌నెక్స్ట్‌కి నల్ ఇస్తే అక్కడికక్కడే ఎర్రర్ కొట్టాలని రూల్ పెట్టారు. 2016 అక్టోబర్‌లో వచ్చిన ఆర్ఎక్స్‌జావా 2 ఆ రూల్‌ని పాటించింది. నల్ వస్తే మొదటి గేటు దగ్గరే ఆపేస్తుంది.

చాలామంది డెవలపర్లు తిట్టుకున్నారు. 'ఈ యూజర్‌కి ఫోటో లేదు' అని నేనెలా చెప్పాలి మరి? జవాబు: పెట్టెలో పెట్టి పంపు. ఖాళీ అయినా సరే పెట్టె పంపు, పెట్టె తెరిచి చూసే బాధ్యత తీసుకునేవాడిది. జావా 8లో 2014లోనే ఆప్షనల్ అనే పెట్టె వచ్చింది. కానీ ఆండ్రాయిడ్‌లో అది ఆండ్రాయిడ్ 7 నుంచే ఉంది. 2016లో ఆండ్రాయిడ్ 7 ఫోన్ ఎవరి చేతిలో ఉంది చెప్పండి! అందుకని టీమ్‌లు సొంత పెట్టెలు తయారు చేసుకున్నాయి. ఒక విలువ రావొచ్చు, రాకపోవచ్చు అనే చోట వాడడానికి ఆర్ఎక్స్‌జావా 2 కూడా 'మేబీ' అని ఒక రకం ఇచ్చింది. పేరే చెబుతోంది కదా, రావొచ్చేమో అని.

మళ్లీ గేటు తెరిచారు, ఎందుకు?

ఇక్కడే నాకు ఈ చరిత్రలో బాగా నచ్చిన మలుపు ఉంది. 2014 జూన్‌లో యాపిల్ స్విఫ్ట్ భాషను ప్రకటించింది. 2016 ఫిబ్రవరిలో జెట్‌బ్రెయిన్స్ కాట్లిన్ 1.0 వచ్చింది. 2017 మేలో గూగుల్ దాన్ని ఆండ్రాయిడ్‌కి అధికారిక భాషగా తీసుకుంది. రెండు భాషల్లోనూ ఒక చిన్న ప్రశ్నార్థకం గుర్తు ఉంటుంది. రకం పేరు పక్కన ఆ గుర్తు ఉంటే 'ఇది ఖాళీ కావొచ్చు' అని అర్థం. గుర్తు లేకపోతే ఖాళీ కావడానికి వీల్లేదు. ఖాళీ కావొచ్చు అన్నదాన్ని చెక్ చేయకుండా వాడితే కంపైలర్ ఒప్పుకోదు.

2019లో కాట్లిన్ తన సొంత రియాక్టివ్ ప్రవాహం 'ఫ్లో'ని స్థిరం చేసింది. అందులో నల్ పంపొచ్చు! మూడేళ్ల ముందు ఆర్ఎక్స్‌జావా మూసిన గేటు ఇక్కడ తెరిచే ఉంది. ఇది వెనకడుగు కాదు. జావాలో ఖాళీ దాక్కుంటుంది, అందుకే ఆపేశారు. కాట్లిన్‌లో ఖాళీ పేరు చెప్పుకుని వస్తుంది, అందుకే రానిచ్చారు. హోర్ కథలో మనం చూసిన సంగతే ఇది. ఖాళీతో పేచీ లేదు, దాక్కున్న ఖాళీతోనే పేచీ.

అదే 2019లో యాపిల్ కంబైన్ వచ్చింది. అందులో రెండు పనిముట్లున్నాయి. రీప్లేస్‌నిల్ అంటే 'ఖాళీ పెట్టె వస్తే దాని బదులు ఇది పెట్టు'. రీప్లేస్‌ఎంప్టీ అంటే 'ఏ పెట్టే రాకుండానే ప్రవాహం ముగిస్తే ఇది పెట్టు'. మామ "ఏమో అల్లుడా" అనడం, అసలు ఫోనే ఎత్తకపోవడం. రెంటికీ రెండు వేర్వేరు పనిముట్లు!

నల్గొండ నీళ్లు, దొంగదారిన వచ్చే సున్నా

ఇంత చేశాక సమస్య తీరిపోయిందా? లేదు. గేటు దగ్గర కాపలా పెడితే, గేటుకి ముందే వేషం మార్చుకుని వచ్చేవాళ్లుంటారు.

సర్వర్ నుంచి డేటా జేసన్ రూపంలో వస్తుంది. దాన్ని జావా వస్తువుగా మార్చడానికి ఆండ్రాయిడ్‌లో చాలాకాలం జీసన్ అనే లైబ్రరీ వాడారు, ఇప్పటికీ వాడుతున్నారు. జావాలో మామూలు డబుల్ రకానికి నల్ ఉండదు. కాబట్టి సర్వర్ ఆ విలువ పంపకపోతే అక్కడ 0.0 మిగిలిపోతుంది. ఎర్రర్ లేదు, క్రాష్ లేదు. గూగుల్ వాళ్ల ప్రోటోకాల్ బఫర్స్‌లో కూడా ఇలాగే జరిగింది. 2016లో వచ్చిన ప్రోటో3లో మామూలు సంఖ్యలకు '0 పంపారా, ఏమీ పంపలేదా' అనే తేడా తీసేశారు. సింపుల్‌గా ఉంటుందని. జనానికి ఆ తేడా కావాల్సి వచ్చి, 2021లో 3.15 వెర్షన్‌తో ఆప్షనల్ అనే మాట మళ్లీ మామూలు వాడకంలోకి వచ్చింది. అంత పెద్ద కంపెనీకి కూడా ఖాళీకి, సున్నాకి తేడా మళ్లీ అవసరమైంది.

ఇప్పుడు దీన్ని నల్గొండ నీళ్ల మీద పెట్టి చూడండి. ఫ్లోరైడ్ సమస్య ఎంత తీవ్రమంటే, పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ 1970లలో పెట్టిన పేరే 'నల్గొండ టెక్నిక్'. మర్రిగూడ లాంటి మండలాల్లో పళ్లు గారపట్టి, ఎముకలు వంగిపోయి బతికిన మనుషులున్నారు. తాగునీటిలో లీటరుకు 1 మి.గ్రా. దాకా ఫ్లోరైడ్ ఉండొచ్చు, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా అనేది భారతీయ ప్రమాణం.

ఒక యాప్ ఉందనుకుందాం. బోరు నీళ్ల పరీక్ష ఫలితాలు చూపిస్తుంది. 1 కంటే తక్కువైతే పచ్చ రంగు, 1.5 దాటితే ఎరుపు. ఒక బోరుకి పరీక్షే జరగలేదు. సర్వర్ ఆ గడి పంపలేదు. లైబ్రరీ దాన్ని 0.0 చేసింది. 0.0 అనేది 1 కంటే తక్కువ. స్క్రీన్ మీద పచ్చ రంగు. పరీక్ష చేయని బోరు, పరీక్ష చేసిన అన్ని బోర్ల కంటే సురక్షితంగా కనిపిస్తుంది! ఇందాక గుర్తుపెట్టుకోమన్నాను కదా, నమ్మేలా ఉండే తప్పు అని. సాగర్ మట్టం 0 అంటే నవ్వుతాం. ఫ్లోరైడ్ 0.0 అంటే బిందె నింపుకుంటాం. క్రాష్ అయిన యాప్ దీనికంటే చాలా నయం.

మౌనానికి కూడా ఒక పేరు

చివరిగా, ఆ మౌనం సంగతి. ఒక స్క్రీన్‌కి మూడు ప్రవాహాలు కావాలి: వర్షం, ఉష్ణోగ్రత, నీటిమట్టం. వీటిని కలిపే పనిముట్టు కంబైన్‌లేటెస్ట్. దాని రూల్ ఏంటంటే, ప్రతి ప్రవాహం నుంచి కనీసం ఒక్క విలువ వచ్చేదాకా అది ఏమీ పంపదు. అమ్రాబాద్ దాటి నల్లమల లోపలికి పోతున్నప్పుడు సిగ్నల్ మధ్యలో పోయి, నీటిమట్టం ఒక్కటి రాలేదనుకోండి. వర్షం, ఉష్ణోగ్రత వచ్చినా స్క్రీన్ తెల్లగానే ఉంటుంది. అక్కడ ఎర్రర్ లేదు, నల్ లేదు. ఒక చెరువు కోసం మిగతా రెండూ ఆగాయి, అంతే.

దీనికి మందు ఏంటంటే, ప్రతి ప్రవాహాన్నీ 'ఇంకా రాలేదు' అనే విలువతోనే మొదలుపెట్టడం. ఆర్ఎక్స్‌లో స్టార్ట్‌విత్ చేసేది అదే. 2020లో కాట్లిన్‌లోకి వచ్చిన స్టేట్‌ఫ్లో అయితే మొదటి విలువ ఇవ్వకపోతే తయారే కాదు. కానీ జాగ్రత్త, అక్కడ తొందరలో 0 పెట్టేస్తే మళ్లీ మొదటికొచ్చినట్టే! పెట్టాల్సింది 'ఇంకా రాలేదు' అనే గుర్తు. కాట్లిన్‌లో సీల్డ్ క్లాస్‌తో ఆ పేర్లన్నీ విడివిడిగా రాసుకోవచ్చు: వచ్చింది, ఇంకా రాలేదు, పరీక్ష జరగలేదు, వర్తించదు, తెచ్చే దారిలో తప్పు జరిగింది. స్క్రీన్ గీసే కోడ్ వీటిలో ఏ ఒక్కదాన్ని మర్చిపోయినా కంపైల్ కాకుండా చూసుకోవచ్చు. వచ్చిన విలువ పక్కన ఎప్పటిదో టైమ్ కూడా పెట్టండి. వాతావరణ శాఖ వర్షాన్ని ఉదయం 8:30కి కొలుస్తుంది. పొద్దున 7 గంటలకు యాప్ చూసేవాడికి ఇవాళ్టి విలువ ఇంకా లేదు, ఉన్నది నిన్నటిది. ఆ సంగతి స్క్రీన్ మీద ఉండాలి.

చూశారా, 1965 నుంచి ఇక్కడిదాకా జరిగిందంతా ఒకటే: మన మామ ఫోన్‌లో సునాయాసంగా చెప్పే నాలుగు జవాబులను కంప్యూటర్‌కి నేర్పడం. భాషలు సాధనాలు ఇచ్చాయి. ఏ ఖాళీకి ఏ పేరు పెట్టాలో మాత్రం ఆ ఊరు, ఆ నీళ్లు, ఆ వాన తెలిసినవాళ్లే చెప్పాలి. ఆ పని మీలో కోడ్ రాసేవాళ్లది. కోడ్ రాయనివాళ్లకి ఇంకో పని ఉంది. మీ ఫోన్‌లో వాతావరణం, నీళ్లు, మార్కెట్ రేట్లు, ఏ యాప్‌లో 0 కనిపించినా ఒక్కసారి అడగండి: ఇది కొలిచిన సున్నానా, కొలవని ఖాళీనా?

మీ యాప్‌లలో ఇలాంటి అనుమానపు సున్నా కనిపిస్తే స్క్రీన్‌షాట్ తీసి కామెంట్లలో రాయండి, మంచివి ఏరి ఇంకో ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం.